ఎర్ర గీత కింద రెండు నిమిషాలు

అది మొదలైంది 2022 జూన్ పన్నెండో తేదీ, ఆదివారం, పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు. ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే నా జ్ఞాపకశక్తి గట్టిదని కాదు, పుస్తకం మొదటి పేజీ మొదటి గడిలో నా చేత్తోనే రాసి ఉంది. డెబ్బై ఒకటో ఏడు నడుస్తున్న నాకు నిన్న మధ్యాహ్నం ఏం కూర వండానో ఒక్కోసారి తట్టదు గాని, కాగితం మీద పెట్టినది మాత్రం ఎక్కడికీ పోదు. నా ఈడు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ పుస్తకం ఇప్పుడు బయటికి తీయడానికి కారణం ఉంది. మొన్న జనవరిలో మా ఇల్లందు ఊరి పక్కనున్న మట్టిగుట్టకు సిమెంటు మెట్లు కట్టి, రెండు పక్కలా ఇనుప కమ్మీలు బిగించి, పొద్దునా సాయంత్రం నడిచేవాళ్ల కోసం తెరిచారు. పింఛనుదారులం నలుగురు ఆడవాళ్లం కలిసి ఎక్కాం. మెట్లు రెండు వందల పద్ధెనిమిది. నాకు ఇరవై ఆరు నిమిషాలు పట్టింది, అందులో నాలుగుసార్లు కూర్చున్నాను. దిగి వచ్చాక గుట్ట మొదట్లో కానుగ చెట్టు కింద కొత్తగా వేసిన సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. కూర్చున్నాక గాని తెలియలేదు, సరిగ్గా ఆ చెట్టు కిందే, ఆ మూలనే, మూడేళ్లు నేను మడత కుర్చీ వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చున్నానని. పక్కావిడ ఏమైందని అడిగింది. ఏమీ లేదని చెప్పి ఇంటికొచ్చి పెట్టె తెరిచాను.

ఆ గుట్ట సంగతి ముందు చెప్పాలి. అది దేవుడు పెట్టిన గుట్ట కాదు. బొగ్గు కోసం నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయేటప్పుడు వచ్చే మట్టినీ రాళ్లనూ లారీలతో తెచ్చి ఒక పక్కన పోస్తారు, అలా ఏళ్ల తరబడి పోయగా పోయగా గుట్ట అయింది. తర్వాత దాని మీద కానుగ, తుమ్మ, నీలగిరి మొక్కలు నాటితే అడవిలా పెరిగాయి. మా ఆయన పనిచేసిన బొగ్గుబాయినే ఆయన పోయిన చాలా ఏళ్లకు పైనుంచి తవ్వారు కనుక, ఆయన లోపల పలుగు పట్టుకుని నిలబడినన్నాళ్లూ ఆయన నెత్తి మీద ఉన్న మట్టే ఇప్పుడు ఆ గుట్ట అయిందని నేను లెక్క వేసుకుంటాను. ఎవరికీ చెప్పలేదు గాని, మనవరాలు దాని మీద సైకిల్ తొక్కుతుంటే నాకు ఆ లెక్కే గుర్తొచ్చేది.

మా అమ్మాయీ అల్లుడూ ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆ ఏడు ఎండాకాలం సెలవులకు మనవరాలు నా దగ్గరికి వస్తూ గేర్ల సైకిల్ ఒకటి వెంట తెచ్చుకుంది. అక్కడ షేర్ ఆటోల మధ్య తొక్కనిచ్చేవాళ్లు కారట. వచ్చిన మూడో రోజున గుట్టను చూసింది. పాతకాలం లారీలు ఎక్కిన బాట ఒకటి దాని చుట్టూ తిరుగుతూ పైకి పోయేది, గడ్డి మొలిచి, రాళ్లు తేలి, వానకు కోసుకుపోయి, మనిషి నడవడానికే తిప్పలుగా ఉండేది. ఆ పిల్లకు పదమూడేళ్లు. సెలవులు అయిపోయే వేళకు తిరిగి పోనని కూర్చుంది. మా అమ్మాయి ఫోనులో రెండు రోజులు పోట్లాడి, ఒక్క ఏడాదికే అని ఒప్పుకుని, ఇక్కడి బడిలోనే తొమ్మిదిలో చేర్పించింది.

జూన్ పన్నెండున పొద్దునే మోకాలు గీరుకుని వచ్చి, నా చేతి గడియారం అడిగింది, గుట్ట ఎంతసేపట్లో ఎక్కి దిగుతున్నదో చూసుకుంటుందట. అది నేను రిటైరైన రోజు ఆఫీసు వాళ్లు ఇచ్చిన గడియారం.

“గడియారం ఇయ్య. నేనే వచ్చి రాస్త,” అన్నాను.

ఆ మాట ఊరికే వచ్చింది కాదు, దాని వెనక ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగం ఉంది. మా ఆయన పోయాక ఆయన బదులు నాకు పని ఇచ్చారు. బొగ్గుబాయిల దగ్గర బతికిన వాళ్లకు ఆ పద్ధతి తెలిసిందే. బాయి ముందుండే టైం ఆఫీసులో కిటికీ వెనక కూర్చుని షిఫ్టుకు వచ్చిన వాళ్ల మస్టర్ రాయడం, అంటే హాజరు వేయడం, నా పని. సైరన్ కూసిన పదిహేను నిమిషాలకు ఆఖరి పేరు కింద ఎర్ర సిరాతో గీత గీయాలి. గీత పడ్డాక వచ్చినవాడికి ఆ రోజు మస్టర్ లేదు, టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికి పోవాల్సిందే. నాకు ముందున్న పెద్దమనిషి ఆ గీతను చూసీ చూడనట్టు రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా గీసేవాడు, దాన్ని అందరూ గ్రేసు అనేవాళ్లు. నేను వచ్చాక గ్రేసు లేదు. ఆడమనిషి, అందులో మొగుడు పోయిన మనిషి, కాస్త బతిమాలితే కరుగుతుందని మొదట్లో కొందరు అనుకున్నారు. రెండు నెలలు తిరక్కముందే నాకు ఎర్రగీతమ్మ అని పేరు పెట్టారు. నాకు కోపం రాలేదు. ఈరోజు ఒకడికి రెండు నిమిషాలు ఇస్తే, నిన్న వెనక్కి పోయినవాడి మొహం ఎట్లా చూడాలన్నదే నా లెక్క.

ఆ వెనక్కి పోయినవాళ్లలో మా మరిది కూడా ఒకడు. మా ఆయన తమ్ముడే, అదే బాయిలో ఫిట్టరు. డిసెంబరు నెలలో, మంచు ఎంత దట్టంగా పట్టిందంటే కిటికీ ముందు నిలబడ్డ మనిషి మొహం కూడా దగ్గరికొస్తే గాని కనపడని ఒక పొద్దున, పరుగెత్తుకుంటూ వచ్చి కమ్మీలు పట్టుకున్నాడు.

“వదినా, మూడు నిమిషాలే గద.”

గీత గీసిన పేజీని మరిది వైపు తిప్పి చూపించాను. చూశాడు, వెళ్లిపోయాడు. వాళ్ల చిన్నబిడ్డకు తెల్లారగట్ల జ్వరం వచ్చి దవాఖానాకు తీసుకుపోయి వచ్చేసరికి ఆలస్యమైందని సాయంత్రం తోటికోడలు చెప్పింది. ముందే తెలిసినా నేను చేసేది అదే. మరిది ఏడాది పాటు మా ఇంట్లో అన్నం ముట్టలేదు. ఏడాది నిండాక తనే వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు, ఆ సంగతి నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. వేళాకోళానికి మాత్రం ముప్పై ఏళ్లూ లోటు చేయలేదు.

నేను మనవరాలి కోసం పుస్తకం పట్టుకుని గుట్ట దగ్గరికి పోతున్నానని విని, మరుసటి ఆదివారానికి ఆ మరిదే ఎర్ర తువ్వాలు మెడలో వేసుకుని వచ్చాడు. తను పైన కూర్చుంటానన్నాడు. పిల్ల గుట్ట కొసకు చేరగానే తువ్వాలు ఊపితే కింద నాకు కనపడేది. గుట్ట ఎక్కి, అవతలి పక్కన దిగి, చుట్టు తిరిగి కానుగ చెట్టు దగ్గరికి వస్తే ఒక చుట్టు; అట్లాంటివి మూడు. చుట్టుకు పదకొండు మలుపులు. సైకిల్ చైను బిగించడం, బ్రేకులు సరిచేయడం, ముందు షాకప్‌లలో ఇరుక్కున్న బురద తీయడం అన్నీ మరిది పనులే. ఫోను జేబులో పెట్టుకుంటే పడ్డప్పుడు పగులుతుందని పిల్ల దాన్ని ఇంట్లోనే వదిలి వచ్చేది, కాబట్టి మాకున్న గడియారాలు రెండే, నా చేతిది ఒకటి, పైన మరిది చేతిది ఒకటి. పిల్ల ఆఖరి చుట్టు దిగుతుంటే పైనుంచి ఆయన గొంతు అడవంతా వినిపించేది.

“జల్దీ రా బిడ్డా, ఎర్రగీతమ్మ పెన్ను మూత తీసింది.”

మొదటి ఆదివారం మూడు చుట్లకు గంటా నాలుగు నిమిషాలు. దసరాకు యాభై ఆరు. వచ్చి సైకిల్ పక్కన పడేసి, నేల మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి అందకుండానే అడిగేది, “ఎంతొచ్చింది అమ్మమ్మా?” అని. నేను సెకన్లతో సహా చెప్పి, రాసి, కింద ఎర్ర గీత గీసేదాన్ని. ఒక్కోసారి తను ఇంకా బాగా తొక్కానని, నేను తప్పు చూశానేమోనని మూతి ముడుచుకునేది. గడియారం చూపించేదాన్ని. అప్పుడు నవ్వేసేది. పొగడకపోయినా ఆ పిల్లకు నా మాట మీద అంత గురి ఎందుకో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

మనవరాలు పోయిన సైకిల్ పోటీలన్నీ చెప్పాలంటే చాలా ఉంది. మొదటిది తల్లాడ దగ్గర, నవంబరు వానల తర్వాత, పత్తి చేల గట్ల మీద. నల్లరేగడి సంగతి రైతులకు తెలుసు గాని మాకేం తెలుసు, ఒక చుట్టు తిరక్కముందే చక్రాలకు మట్టి పట్టి, ముద్ద కట్టి, అవి తిరగడం మానేశాయి. పదకొండు మంది ఆడపిల్లల్లో ఇద్దరు అక్కడే కూర్చుని ఏడ్చారు. మనవరాలు సైకిల్‌ను భుజాన వేసుకుని గట్టు మీద గడ్డిలో నడుచుకుంటూ వచ్చి తొమ్మిదోదిగా చేరింది. అంటే పోటీ మానేయని వాళ్లలో అందరికంటే వెనక. బస్సులో నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది, మోకాళ్ల దాకా మట్టి ఎండి మేజోళ్లు తొడుక్కున్నట్టుంది, కండక్టరు సీటు పాడవుతుందని అంటే మరిది తన తువ్వాలు తీసి దాని కాళ్ల కింద పరిచాడు. తర్వాత మధిర వైపు ఒకసారి వరి మళ్ల పక్క బాటలో తొక్కి కాలువలో పడింది, పడ్డదాన్ని లేపడానికి దిగిన ఇంకో పిల్ల కూడా పడింది, ఇద్దరూ నీళ్లలో కూర్చుని నవ్వుతూ ఉంటే మిగతావాళ్లు ముందుకు పోయారు. ఆ పిల్ల ఇప్పటికీ దీని స్నేహితురాలు.

ఏడాది అన్నది మూడేళ్లయింది. కొత్తగూడెం నుంచి ఒక కోచ్ సారు శనివారాలు వచ్చి నేర్పేవాడు. 2024 ఏప్రిల్‌లో పాల్వంచ దాటాక, భద్రాచలం పోయే దారికి ఎడమ పక్క అడవిలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ జరిగింది. మొదటి నలుగురిని తీసుకుంటారు. మనవరాలు అయిదోది. నాలుగో పిల్లకూ దీనికీ తేడా ముప్పై ఎనిమిది సెకన్లు. ఏడవలేదు. తిరుగు బస్సులో, మళ్లీ ఏప్రిల్‌కు ఎన్ని ఆదివారాలు ఉన్నాయని అడిగింది. యాభై రెండు అని చెప్పాను. కిటికీ లోంచి టేకు చెట్లను చూస్తూ సరే అంది.

ఆ యాభై రెండు ఆదివారాల చివర్లోనే నేను తప్పు చేశాను.

అప్పటికి ఇంటర్ మొదటి ఏడు ముగింపుకు వచ్చింది. రెండో ఏడు ఖమ్మంలో చదవాలని, పోటీ పరీక్షకు ఎండాకాలం నుంచే తరగతులకు పోవాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ఆమెను తప్పు పట్టలేను, తల్లిగా ఆమె భయం ఆమెది. ఇక్కడి గుట్ట మీద మూడు చుట్లు నలభై రెండు నిమిషాల లోపు తొక్కగలిగితే మొదటి నలుగురిలో ఉంటుందని కోచ్ సారు అన్న మాట ఆమె చెవిన పడింది. ఒక సాయంత్రం ఫోను చేసింది.

“ఉగాది లోపల నలభై రెండు లోపు వస్తే, ఆ పోటీ అయ్యేదాంక తొక్కనీ అమ్మా. రాకుంటే తీస్కపోతం. నేనొచ్చి చూసుడేం లేదు. నువ్వు రాస్తే చాలు.”

నా పుస్తకం మీద ఆమెకు అంత నమ్మకం. ఆ ఒప్పందం మనవరాలికీ తెలుసు. ఫిబ్రవరి నుంచి వరసగా ఆరు ఆదివారాలు నలభై మూడు దగ్గరే ఆగిపోయింది. నలభై మూడూ ఇరవై, నలభై మూడూ అయిదు, నలభై మూడూ నలభై, ఇట్లా. ఉగాది మార్చి ముప్పై, ఆదివారం. దానికి ముందు ఆదివారం మార్చి ఇరవై మూడు, అదే ఆఖరిది.

ఆ పొద్దున రెండో చుట్టులో వాంతి చేసుకుని, నోరు తుడుచుకుని, మళ్లీ ఎక్కింది. మూడో చుట్టు వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. కానుగ చెట్టు దాటి పడిపోయింది. నేను గడియారం చూశాను. నలభై మూడు నిమిషాల పది సెకన్లు. ఎప్పుడూ నా మొహంలోకి చూసి అడిగే పిల్ల ఆరోజు కళ్లు మూసుకునే అడిగింది.

“ఎంతొచ్చింది అమ్మమ్మా?”

“నలభై ఒకటీ పది,” అన్నాను.

ఆ మాట అనాలని ముందుగా అనుకున్నది కాదు. అన్నాక రాయక తప్పదు కనుక రాశాను, కింద ఎర్ర గీత కూడా గీశాను. పిల్ల లేచి కూర్చుని, నమ్మలేనట్టు పుస్తకంలోకి వంగి, తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ పేజీ మీద దాని అరచేతి మట్టి ఇప్పటికీ ఉంది, అయిదు వేళ్లూ తెలుస్తాయి. మరిది పైనుంచి దిగి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని పేజీ చూశాడు. తన చేతి గడియారం చూసుకున్నాడు. నన్ను చూశాడు. తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, చాయ్ తాగుదాం పద వదినా అని మాత్రం అన్నాడు. అంత నోరున్న మనిషి దారి పొడుగునా ఒక్క వేళాకోళమూ ఆడలేదు.

ఒకసారి రెండు నిమిషాలు తీసేస్తే అక్కడితో ఆగదని టైం ఆఫీసులో పనిచేసిన నాకు తెలియాల్సింది. వచ్చే ఆదివారం నిజం రాస్తే పిల్ల వెనకబడినట్టు కనపడుతుంది. అందుకని మళ్లీ రెండు తీసేశాను. ఆ తర్వాతా అంతే. పిల్ల నిజంగానే మెరుగవుతూ వచ్చింది, ఆఖరి ఆదివారం నలభై రెండూ ఇరవైకి వచ్చింది. నా పుస్తకంలో మాత్రం అది నలభయ్యీ ఇరవై. మనసు ఒప్పక అసలు అంకెలను అదే పుస్తకం ఆఖరి పేజీలో పెన్సిలుతో రాసుకుంటూ వచ్చాను. ముందు పేజీల్లో ఎర్ర సిరాతో అబద్ధం, వెనక పేజీలో పెన్సిలుతో నిజం. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క మస్టర్ దిద్దని చేతితో అయిదు ఆదివారాలు ఆ పని చేశాను.

పోటీకి ముందు రోజు కోచ్ సారు వచ్చి నా పుస్తకం అడిగి తీసుకుని, ఆ అంకెలను పైకి చదివాడు. చాలా సంతోషించాడు. పోయినేడులా వెనక ఉండి చివర్లో అందుకోవాల్సిన పని లేదని, ఈ వేగం ఉన్న పిల్ల మొదటి చుట్టు నుంచే ముందున్న ఇద్దరితో పోవచ్చని, వాళ్లను వదలొద్దని మనవరాలికి చెప్పాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవాల్సిన చోటు అదే. తెరవలేదు. తెరిస్తే ఆ పిల్ల మొహం ఎట్లా మారుతుందో ఊహించుకుని, రేపటితో అయిపోతుంది కదా అనుకున్నాను.

2025 ఏప్రిల్ ఇరవై ఏడు, ఆదివారం. అదే అడవి, పద్నాలుగు మంది పిల్లలు, పొద్దున ఆరూ నలభైకి విజిల్ వేశారు. అవి ఇప్ప పూలు రాలడం అయిపోయే రోజులు. పక్క గూడెం వాళ్లు బాట వెంబడి చాపల మీద ఆఖరి పూలు ఎండబెట్టుకున్నారు, పోటీ కోసం వాటిని జరపమంటే ఏమీ అనకుండా జరిపి, చెట్ల కింద వరసగా కూర్చుని చూశారు. గాలంతా ఆ తియ్యటి వాసన. మొదటి చుట్టుకు మనవరాలు రెండోదిగా మా ముందు నుంచి పోయింది. మరిది ఎగిరి తువ్వాలు ఊపాడు. రెండో చుట్టుకు మూడోది. అప్పటికే నోరు తెరుచుకుని ఉంది, భుజాలు ఊగుతున్నాయి. గుట్ట మీద నూట పంతొమ్మిది ఆదివారాలు అది దిగి రావడం చూసినదాన్ని, భుజాలు ఊగితే దాని దగ్గర ఇంక ఏమీ మిగల్లేదని నాకు తెలుసు. ఇంకా ఒక చుట్టు ఉంది. మరిది తువ్వాలు దించేశాడు.

మూడో చుట్టులో ఒక వాగు దాటాలి, నీళ్లు లేవు, అన్నీ గుండ్లు. అలసిన చేతులు హ్యాండిల్‌ను పట్టలేక ముందు చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని, పిల్ల హ్యాండిల్ మీదుగా ముందుకు పడింది. అక్కడ ఎవరూ లేరు, పూలు ఏరుకునే ఒక గూడెం ఆవిడ తప్ప. ఆవిడే పరుగున వచ్చి తన సొరకాయ బుర్రలో నీళ్లు దాని నోటి మీద పోసి, చీర కొంగుతో తుడిచి, ఏవో మాటలు చెప్పిందట. ఆ భాష దీనికి తెలియదు. ఆమె చేతులు చల్లగా ఉన్నాయని మాత్రం తర్వాత చెప్పింది. పడినప్పుడు ముగ్గురు దాటిపోయారు. చక్రం వంకరపోయింది. తల్లాడలో లాగే సైకిల్ భుజాన వేసుకుని మిగిలిన దారంతా నడిచి, పరుగెత్తి, ఆరోదిగా వచ్చింది. దగ్గరికి వచ్చాక చూస్తే ముందు పన్ను సగం లేదు.

పాల్వంచ దవాఖానాలో పెదవికి రెండు కుట్లు వేశారు. బయట బల్ల మీద నాకూ మరిదికీ మధ్య కూర్చుంది.  విరిగిన పన్ను మూలంగా మాట గాలి పోతుంటే, నెమ్మదిగా అంది.

“నలభైల తొక్కినదాన్ని గద అమ్మమ్మా. నాకేమైంది? భయపడ్డనా నేను?”

అది తనను తాను తిట్టుకుంటున్నది. నేను చెప్పకపోతే జన్మంతా అట్లాగే అనుకుంటుంది. సంచిలోంచి పుస్తకం తీసి దాని చేతిలో పెట్టి, ఆఖరి పేజీ చూడమన్నాను. చూసింది. ముందు పేజీకి తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది. వేలు పెట్టి ఒక్కో తేదీ సరిపోల్చుకుంది. కాసేపటికి, అయిదు రెండ్లు పది అని తనలో తను అనుకుంది. ఏడుస్తుందనుకున్నాను, కోప్పడుతుందనుకున్నాను, రెండూ చేయలేదు.

“నువ్వు ఎవ్వలకు ఇయ్యలే గద. నాకెందుకిచ్చినవ్?”

నిన్ను తీసుకుపోతారని, అన్నాను. అది నిజమే గాని జవాబు కాదు, నాకూ తెలుసు, దానికీ తెలుసు. కోచ్ సారుకు అక్కడే నిజం చెప్పాను; నలభై రెండని తెలిస్తే మొదటి చుట్టులో వెనకే ఉండమనేవాణ్నని, నాలుగో చోటు కోసం చివర్లో గట్టిగా పోరాడేవాళ్లమని, పెద్దదాన్నని గౌరవించి మెల్లగానే అన్నాడు. అప్పుడు మనవరాలు జట్టులోకి వచ్చేదా అంటే చెప్పలేను. రాకపోయినా తన కాళ్లలో ఎంత ఉందో తెలిసి తొక్కేది.

తిరిగి వచ్చేటప్పుడు జీపు వెనక సీటులో పిల్ల మరిది భుజం మీద నిద్రపోయింది. ఇల్లందు దగ్గర పడుతుండగా, దాన్ని కదిలించకుండా, నా వైపు చూడకుండా అన్నాడు.

“మూడు నిమిషాలు ఇయ్యలేదని ఏడాది నీ ఇంట్ల అన్నం తినలే వదినా. ఇయ్యకపోవుడే నయమైంది.”

ముప్పై ఏళ్లలో ఆ పొద్దుటి గురించి మేము సూటిగా మాట్లాడుకున్నది అదొక్కసారే.

ఆ సాయంత్రం ఏడూ ఇరవైకి మా అమ్మాయికి ఫోను చేసి అంతా చెప్పాను.  నువ్వా అమ్మా, అని మాత్రం అంది. అంతకంటే పెద్ద తిట్టు నేను ఉద్యోగంలో కూడా పడలేదు. మే నాలుగున వచ్చి పిల్లను తీసుకుపోయారు. సైకిల్‌ను మాత్రం అల్లుడు ఆటో మీద కట్టించుకుని తనే జాగ్రత్తగా పట్టుకుపోయాడు. అంటే తొక్కనిస్తారన్నమాట అని మరిది ఆ సాయంత్రమంతా అదే మాట పదిసార్లు అన్నాడు.

తొక్కనిస్తున్నారు. ఖానాపురం హవేలి అవతల గుట్టల్లో తొక్కుతోంది, చదువుతోంది, వచ్చే ఏప్రిల్‌కు మళ్లీ ఎంపికకు పోతుంది. పన్నుకు తొడుగు వేయించారు, అది పక్క పన్నుల కంటే కొంచెం తెల్లగా ఉండి నవ్వినప్పుడు తెలిసిపోతుంది. మణికట్టుకు ఒక కొత్త గడియారం పెట్టుకుంటుంది. ఎక్కడ ఎంత వేగం, గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నది కూడా అదే చెబుతుందట. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిది దాటాక నాకు ఫోను చేసి ఆ అంకెలన్నీ చదివి వినిపిస్తుంది, ఆ పిల్ల మనసులో నా మీద ఏమీ లేదు. నేను కళ్లద్దాలు పెట్టుకుని కొత్త పుస్తకంలో రాసుకుంటాను. ఇది గడియారం చెప్పింది అమ్మమ్మా, అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

మెట్లు కట్టారు గనుక ఇప్పుడు గుట్ట మీదికి ముసలివాళ్లం కూడా ఎక్కగలుగుతున్నాం, మంచిదే. పాత లారీ బాటను రెండు చోట్ల తవ్వేసి, మిగతా చోట పూల మొక్కలు నాటారు. మరిదికి మోకాళ్లు పట్టేసి ఈ మధ్య గడప దాటడం లేదు. తువ్వాలు మాత్రం మెడలోనే ఉంటుంది. మొన్న ఆ సిమెంటు బల్ల సంగతి చెబితే, నీ కుర్చీ జాగలనే ఏసిన్రా వదినా, అని అడిగాడు. అవ్ అన్నాను.

2022 జూన్ పన్నెండు నుంచి 2025 ఏప్రిల్ ఇరవై దాకా మొత్తం నూట యాభై ఆదివారాలు. వానలకు, జ్వరాలకు, పరీక్షలకు, పోటీలకు పోయినవి ముప్పై ఒకటి. పుస్తకంలోకి ఎక్కినవి నూట పంతొమ్మిది. అందులో నిజమైనవి నూట పద్నాలుగు.

పోయినవి: లారీ బాట, దాని పదకొండు మలుపులు. ముందు పన్నులో సగం. ఒక ఏడాది జట్టులో చోటు, వచ్చేదో రాదో ఇక తేలదు. నా పుస్తకంలో పది నిమిషాలు. నేల మీద వెల్లకిలా పడుకుని, ఊపిరి అందకుండా, నన్ను అడిగే ఆ ఒక్క ప్రశ్న.